ఒక్క వాద్యమూ లేని పెట్టె

“ఇందులో ఎన్ని వాద్యాలున్నాయిరా?”

సంక్రాంతికి చేబ్రోలు వెళ్తూ వెంట తీసుకుపోయిన పెట్టెను వసారాలో బల్ల మీద పెట్టగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. పెట్టె అంటే అనలాగ్ సింథసైజరు. 1970లో అమెరికాలో వచ్చిన మినీమూగ్ పద్ధతిని అనుసరించి ఇప్పుడు చవకగా చేస్తున్నవాటిలో ఒకటి. మూడు స్థాయిల మెట్లు, పైన వరుసలు వరుసలుగా తిప్పుడు మరలు, అంతే. తెర లేదు, పేర్ల జాబితా లేదు.

“ఒక్కటీ లేదు నాన్నా,” అన్నాను.

ఆ జవాబు చెప్పడానికే ఇంత దూరం మోసుకొచ్చానని ఆయనకు తెలియదు. లేదా తెలుసేమో. కొంచెం వెనక్కి వెళ్ళి చెబితే గానీ అర్థం కాదు.

నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళల్లో తిరునాళ్ళకూ, శ్రీరామనవమి పందిళ్ళకూ నాటకాలు పెట్టే రోజుల్లో ఆయనకు వేసవి అంతా తీరిక ఉండేది కాదు. వాయించేది లెగ్ హార్మోనియం. కాళ్ళతో తిత్తులు తొక్కుతూ, రెండు చేతులూ మెట్ల మీద పరుగెత్తిస్తూ, నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తే అంతసేపు ఊపిరి అందించాలి. రాయబారం సీను అయ్యేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేవి.

1995 ప్రాంతంలో స్టేజీ మీదికి ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. తొక్కనక్కరలేదు, ఎక్కించి దించడానికి మనుషులు అక్కరలేదు. మీట నొక్కితే వేణువు, మరో మీట నొక్కితే వయొలిను, ఇంకోటి నొక్కితే సాక్షాత్తూ హార్మోనియమే. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఆ రాత్రి నాటకం చూసి ఇంటికి వస్తూ, పక్కన నడుస్తున్న నాన్నతో ఆపుకోలేని సంబరంతో అన్నాను: “అందులో నూరు వాద్యాలున్నాయి నాన్నా!” ఆయన ఏమీ అనలేదు. మరుసటి వేసవికి సమాజం వారు కీబోర్డు కుర్రవాడినే పిలిచారు. నాన్న దుగ్గిరాలలో ఒక పసుపు కొట్లో పద్దులు వ్రాసే పనికి కుదిరాడు. హార్మోనియం మీద పాత దుప్పటి కప్పారు.

నేనన్న మాట వల్ల ఆయన పని పోలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మనసులో ముల్లు ముల్లే కదా.

ఆ కీబోర్డులో నిజంగా ఉన్నదేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల చాలా ఏళ్ళ తర్వాత పుట్టింది. చదవగా తేలినదేమంటే, అలాంటి వాటిలో వాద్యాలు ఉండవు. వాద్యాల ముద్రలు ఉంటాయి. ఎవరో ఎక్కడో వాయించినదాన్ని అంకెలుగా మార్చి దాచి, మెట్టు నొక్కినప్పుడు బయటికి తీస్తారు. సింథసైజరు అన్న పేరు పుట్టినది మాత్రం వేరే జాతి యంత్రానికి. 1964లో రాబర్ట్ మూగ్, హెర్బర్ట్ డాయిష్ అనే స్వరకర్తతో కలిసి రూపొందించిన ఆ యంత్రంలో దాచిన ధ్వని ఏదీ లేదు. విద్యుత్తును ఊపి, వడగట్టి, ఎత్తి దించి, ప్రతిసారీ ధ్వనిని కొత్తగా పుట్టించవలసిందే. మన దేశానికి అది తొందరగానే వచ్చింది. 1969లో డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక మూగ్‌ను నెలకొల్పాడు. గీతా సారాభాయి మొదలైనవారు దాని మీద పని చేశారు. ఆ టేపులు దశాబ్దాలపాటు అరల్లో ఉండిపోయి 2023లో రికార్డుగా వెలువడ్డాయి.

“ఒక్కటీ లేదు” అన్నాక నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “అయితే చూద్దాం,” అన్నాడు.

మొదట డోలకం. ఇంగ్లీషులో ఆసిలేటర్ అంటారు గానీ తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి డోలనం, పౌనఃపున్యం కొత్త మాటలు కావు. విద్యుత్తు సెకనుకు 220 సార్లు ఊగితే ఒక శ్రుతి, 440 సార్లు ఊగితే అదే స్వరం పై స్థాయిలో. ఎంత వేగంగా ఊగుతున్నదన్నది శ్రుతిని నిర్ణయిస్తే, ఏ ఆకారంలో ఊగుతున్నదన్నది నాద గుణాన్ని నిర్ణయిస్తుంది. ఒకే స్వరం వేణువు మీద ఒకలా, క్లారినెట్ మీద ఒకలా వినిపించడానికి మొదటి కారణం ఇదే.

మా ఊళ్ళో కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించినది. లోపల ఒకే లింగం, దాని చుట్టూ నాలుగు వైపులా బ్రహ్మ. డోలకం కూడా అంతేనని నాన్నకు చెప్పాను: శ్రుతి ఒకటే, ముఖాలు నాలుగు.

మొదటి ముఖం సైను తరంగం. అందులో మూల స్వరం తప్ప మరేమీ ఉండదు. “ఈలలాగా ఉంది,” అన్నాడు నాన్న వినగానే. నిజానికి మనిషి వేసే ఈల సైను తరంగానికి చాలా దగ్గరి చుట్టం. ఆ పైన ఆయనకు సహజంగానే సుద్దపల్లి గుర్తొచ్చింది. మా మండలంలోని ఆ ఊరే ఈలపాట రఘురామయ్యగారి జన్మస్థలం. 1901లో పుట్టి 1975లో పోయిన ఆయన కృష్ణ వేషంలో ఈలతో రాగాలు పలికించడం నాన్న కుర్రతనంలో విన్నాడు. “ఆ ఈలకు మెట్లు లేవురా. ఎక్కడికి కావాలంటే అక్కడికి జారేది. మా పెట్టె ఆయన వెనక కుంటుకుంటూ పోవలసిందే,” అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండవది త్రిభుజ తరంగం. సైనుకు కాస్త పదును పెట్టినట్టుంటుంది. మూడవది చతురస్ర తరంగం. ఇందులో మూల స్వరానికి మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్లు పౌనఃపున్యం గల అనుస్వరాలు మాత్రమే ఉంటాయి, సరిసంఖ్యవి ఉండవు. అందుకే లోపల డొల్లగా, క్లారినెట్ కింది స్థాయిలా పలుకుతుంది. నాలుగవది రంపపు పళ్ళ ఆకారం. రెండు రెట్లది సగం బలంతో, మూడు రెట్లది మూడో వంతు బలంతో, ఇలా అనుస్వరాలన్నీ బారులు తీరి వస్తాయి. అది వినగానే నాన్న కాలు తనంతట తానే నేల మీద తొక్కడం మొదలుపెట్టింది. హార్మోనియం రీడు గాలిని ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంది కనుక దానిలోనూ అనుస్వరాలు దండిగా ఉంటాయి. కొత్త యంత్రంలో ఆయనకు మొదట కలిసిన పాత ముఖం అది.

రెండో డోలకాన్ని కూడా మేల్కొలిపి, మొదటిదానికి రవ్వంత ఎడంగా ఉంచాను. ధ్వని ఉబ్బుతూ తగ్గుతూ తేలింది. ఒకటి 440 సార్లు, మరొకటి 441 సార్లు ఊగుతుంటే సెకనుకు ఒకసారి ఆ ఉబ్బు వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో వీటిని విస్పందనాలు అంటారు. నాన్న “అల” అన్నాడు. పాత బ్లేడుతో రీడును గీకి శ్రుతి సరిచేసేటప్పుడు ఆయన వినేది ఇదే. కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది; జంట రీడ్లు కలిసే వేళకు అల మెల్లమెల్లగా సాగి, సాగి, ఆగిపోవాలి. నేను పుస్తకంలో నాలుగు పేజీలు చదివి తెలుసుకున్నదాన్ని ఆయన నలభై ఏళ్ళు చెవితో చేశాడు. పెట్టె వేడెక్కేకొద్దీ డోలకాలు కాస్త జారి, ఆగిన అల మళ్ళీ మొదలైంది. అనలాగ్ యంత్రాలకు పుట్టుకతో వచ్చిన లోపం ఇది. “దీనికీ వాతావరణం పడదన్నమాట, మృదంగంలాగా,” అని నవ్వాడు.

తర్వాత వడపోత. ఫిల్టరు అని ఊరుకోవచ్చు గానీ, కాఫీ గింజల పొడికీ రంపపు తరంగానికీ ఒకటే పని జరుగుతున్నప్పుడు వడపోత అనడంలో తప్పేముంది? ఒక హద్దు పెడతాం. ఆ హద్దుకు దిగువ అనుస్వరాలు దాటిపోతాయి, ఎగువవి తగ్గిపోతాయి. మూగ్ వడపోతలో హద్దు నుంచి ఒక స్థాయి పైకి వెళ్ళేసరికి బలం దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. నోటితోనే చేసి చూడవచ్చు: ఒకే శ్రుతి మీద “ఊ” నుంచి “ఆ” దాకా నోరు తెరవండి. గొంతు మారలేదు, హద్దు పైకి జరిగింది. పెళ్ళివారింట్లో నాదస్వరం తలుపు మూసిన గదిలోకి మొద్దుగా వినిపించడమూ ఇదే.

వడపోతలో మరో మర ఉంది, అనునాదం. హద్దు దగ్గరి స్వరాలను పట్టి మరీ పెద్దవి చేస్తుంది. దీన్ని చూపడానికి డోలకాలు ఆపేసి రొద తీసుకున్నాను. రొద అంటే అన్ని పౌనఃపున్యాలూ ఒకేసారి. రేకుల కప్పు మీద వాన. అనునాదం పెంచి, హద్దును మెల్లగా పైకి తిప్పుతూ పోయాను. వంటింట్లోంచి అమ్మ కేక వేసింది: “కుళాయి కట్టెయ్యండర్రా, బిందె పొర్లిపోతోంది!”

ఇంతకంటే మంచి పరీక్ష నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బిందె నిండుతుంటే లోపలి గాలి పొట్టిదవుతుంది, దాని అనునాద స్వరం పైకి పోతుంది. అమ్మ చెవికి అది ఏనాటి నుంచో తెలిసిన లెక్క.

ఇక మూడవది, ఇంగ్లీషులో ఎన్వలప్ అనేది. మినీమూగ్ దీన్ని కాంటూర్ అంది. మెట్టు నొక్కిన క్షణం నుంచి వదిలి నిశ్శబ్దమయ్యేదాకా ధ్వని బలం నడిచే దారి. నాలుగు మెలికలు: అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్. ఈ మాటలకు తెలుగు వెతుక్కుంటూ నేను చాలా రాత్రులు వృథా చేశాను. నాన్నకు వాయించి చూపి అడిగితే పద్యం అనుకుని చెప్పేశాడు. ఎత్తుగడ. దిగుడు. నిలకడ. విడుపు. నటుడు పద్యాన్ని ఎత్తుకుంటాడు, మొదటి ఊపు తర్వాత కాస్త దిగుతాడు, ఒక మట్టం మీద నిలుస్తాడు, చివర విడుస్తాడు. వీటిలో మూడు కాలాలు, నిలకడ ఒక్కటే మట్టం. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. ఎత్తుగడ క్షణంలో అయిపోయి నిలకడ సున్నా అయితే మృదంగం దెబ్బ. ఎత్తుగడ నిదానంగా, నిలకడ నిండుగా ఉంటే తిత్తులు తొక్కినట్టు. ఒకే డోలకం, ఒకే వడపోత. దారి మారితే వాద్యం మారుతుంది.

ఇవన్నీ ఒకదానితో ఒకటి ఏ భాషలో మాట్లాడుకుంటాయని మీరు అడగవచ్చు. ఓల్టేజి భాషలో. మూగ్ చేసిన అసలు పని ఇదేనంటారు. మెట్టు నొక్కితే ధ్వని రాదు, ఒక ఓల్టేజి వెళ్తుంది. ఒక్క ఓల్టు పెరిగితే డోలకం ఒక స్థాయి పైకి పోతుంది, అంటే వేగం రెట్టింపవుతుంది. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఓల్టులో పన్నెండో వంతు. దుగ్గిరాల లాకుల దగ్గర ఇన్నేళ్ళు రోజూ దిగిన మనిషికి ఇది చెప్పడం కష్టం కాలేదు: నీరు వేరు, తలుపు ఎత్తే చెయ్యి వేరు. ఆ చెయ్యి మనిషిదే కానక్కరలేదు. సెకనుకు ఇరవై కంటే తక్కువసార్లు ఊగే మంద డోలకాన్ని తీసుకుంటే దాని ధ్వని చెవికి వినపడదు. కానీ అది తలుపును ఎత్తి దించగలదు. సెకనుకు అయిదారుసార్లు శ్రుతిని ఊపితే గొంతు వణుకు, బలాన్ని ఊపితే మరో రకం వణుకు, వడపోత హద్దును ఊపితే ఎవరో నోరు తెరిచి మూస్తున్నట్టు.

ఇక్కడిదాకా నాన్న విద్యార్థిలా విన్నాడు. ఎడమ పక్కనున్న చిన్న చక్రం మీద ఆయన చూపు పడ్డాక సంగతి మారింది.

హార్మోనియానికి తీరని కొరత ఒకటుంది. 1842లో పారిస్‌లో పేటెంటు పుచ్చుకుని మన దేశానికొచ్చి మన ఇళ్ళల్లో కలిసిపోయిన ఆ వాద్యానికి గమకం లేదు. మెట్టు నుంచి మెట్టుకు దూకడమే గానీ జారడం రాదు. ఈ కారణం చూపే 1940లో ఆకాశవాణి దాన్ని బహిష్కరించింది. 1971దాకా ఆ ఆంక్ష సడలలేదు. “పరాయి పెట్టె, ప్రాణం లేని మెట్లు” అన్నది అప్పట్లో విద్వాంసుల ఫిర్యాదు. కీబోర్డు వచ్చిన కొత్తలో నాన్న అన్న మాటలు గుర్తుచేసుకుంటే అక్షరాలా అవే. ఇది నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. తన వాద్యం లోపం ఆయనకు నాకంటే బాగా తెలుసు. “తోడి మాత్రం అడక్కండి, ఆ గాంధారం నా పెట్టెలో లేదు,” అనేవాడు కచేరీల్లో. తోడి గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు. అది ఊగుతూ ఉండే ప్రయాణం.

సింథసైజరు చక్రం తిప్పితే శ్రుతి ఎంతైనా జారుతుంది. గ్లైడ్ అనే మర తిప్పితే మెట్టు నుంచి మెట్టుకు తనే జారుతూ పోతుంది. ఓల్టేజికి మెట్లు లేవు మరి, వాలు మాత్రమే ఉంది. నాన్న గ్లైడ్‌తో మొదలుపెట్టి పెదవి విరిచాడు. “ఇది అన్నిటినీ ఒకేలా జారుస్తోంది. మందు తాగినవాడి నడక.” అది ఆపించి, ఎడమ చేయి చక్రం మీద, కుడి చేయి మెట్ల మీద పెట్టాడు. రంపపు తరంగం, వడపోత సగం మూసి, ఎత్తుగడ నిదానం. తోడి గాంధారం కోసం వెతికాడు. చక్రం ఎక్కువ తిరిగింది, తక్కువ తిరిగింది, ఊపు రెండుసార్లు తప్పింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రాత్రి పదిన్నరదాకా ఆ ఒక్క స్వరమే.

చివరికి వేళ్ళు తీసేసి, “వచ్చిందనను. వస్తుంది,” అన్నాడు.

మరునాడు పొద్దున మా అన్నయ్య మనవడు వసారాలోకి దూరి మరలన్నీ తిప్పేశాడు. ఈ జాతి పెట్టెలకు జ్ఞాపకశక్తి లేదు. మరల స్థానమే ధ్వని. స్థానం చెదిరితే ధ్వని పోయినట్టే. నేను పిల్లవాడి మీద అరవబోయాను. నాన్న అటక మీంచి పద్దుల పుస్తకం తీశాడు. రాత్రి మేమంతా పడుకున్నాక ఒక పేజీ వ్రాసి పెట్టుకున్నాడట. మరలను గడియారాల్లా అనుకుని గంటలు వేశాడు: వడపోత హద్దు పదిన్నర, అనునాదం ఎనిమిది, ఎత్తుగడ తొమ్మిది, విడుపు పది. మినీమూగ్ వాయించినవాళ్ళు అచ్చు ఇలాగే కాగితాల మీద గుర్తులు పెట్టుకునేవారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ పేజీ చూస్తుంటే జాయప సేనాని మనసులో మెదిలాడు. కాకతి గణపతిదేవుని గజసేనాధిపతి, చేబ్రోలులో గుడి కట్టించి శాసనాలు వేయించినవాడు. ఆయన నృత్తరత్నావళి మనకు మిగిలింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దాన్ని తెలుగు చేశారు. వాద్యరత్నావళి కూడా వ్రాశాడంటారు గానీ అది దొరకలేదు. ఏడు వందల యాభై ఏళ్ళ క్రితం ఈ నేల మీద వాద్యాల గురించి ఒకరు కూర్చిన మాటలన్నీ దానితో పోయాయి. వాద్యం పోవడం ఒక నష్టం. దాని భాగాలకూ, దాని పనికీ పెట్టుకున్న మాటలు పోవడం మరొక నష్టం. నాన్న నోట్లో ఉన్న అల, ఎత్తుగడ, విడుపు కూడా ఆ దారినే ఉన్నాయి. ఆయనకు ఎనభై దాటాయి, ఆ మాటలు వాడుకునే మరో మనిషి మా ఇంట్లో లేడు. ఆ యంత్రం గురించి తెలుగులో వ్రాయాలనిపించినది అందుకే. కొత్త మాటలు పుట్టించడానికి కాదు, ఉన్నవాటికి కొత్త పని చూపించడానికి.

పేజీ పైన నాన్న ఒక అంకె వేసి సున్నా చుట్టాడు. 1. ఇదేమిటన్నాను.

“ఒకటి అయింది,” అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. “నూరు అన్నావుగా అప్పట్లో. ఇంకా తొంభై తొమ్మిది ఉన్నాయి.”

పెట్టె అక్కడే వదిలేసి వచ్చాను. ఫోను చేసినప్పుడల్లా ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నాను, మొన్నటికి పద్నాలుగు. గాంధారం సంగతి మాత్రం ఆయన చెప్పడు, నేను అడగను.

అన్నట్టు, అనునాదానికి నాన్న దగ్గర కూడా మాట దొరకలేదు. పాఠ్యపుస్తకం మాటే వాడుకున్నాం. మీ ఊళ్ళలో నాదస్వరం వాయించేవారో, డప్పు కాచేవారో, రీడ్లు గీకేవారో, బిందె నిండే చప్పుడుకు పేరు పెట్టినవారో ఎవరైనా ఉంటే అడిగి చెప్పండి. పద్దుల పుస్తకంలో ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి.